ఇల్లు కట్టు పరిచర్య: ఖమ్మము నుండి మన గోదావరి గట్టు వరకు



ఈ శతాబ్ది సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, మన దేవాలయముల చరిత్ర వ్రాయుదునా, ఆసుపత్రుల చరిత్ర వ్రాయుదునా అని కొన్నాళ్లు ఆలోచించినాను. వాటిని గూర్చి వ్రాయుటకు నాకంటె పెద్దలు, ఎక్కువ ఎరిగినవారు మన మధ్య ఉన్నారు. కనుక నేను మరియొక కట్టడమును గూర్చి వ్రాయదలచినాను. దానికి గోపురము లేదు, గంట లేదు. ప్రారంభోత్సవమునకు ఎవరు వచ్చినారో తెలుపు శిలాఫలకము లేదు. అది మన సంఘ సభ్యుడు పగలంతయు కూలి చేసి వచ్చి, రాత్రి తల వాల్చు ఇల్లు.

ఆదివారము ఆరాధనకు వచ్చు మనవారిలో, జోరున వాన కురియు రాత్రి నిశ్చింతగా నిద్రపోగలవారు ఎందరు? ఈ ప్రశ్నకు జవాబు మన పాస్టరేటు రిజిష్టరులో దొరకదు. బాప్తిస్మములకు, వివాహములకు, సమాధులకు, చందాలకు అన్నిటికిని అందులో గడులున్నవి. ఇంటి పైకప్పుకు గడి లేదు. ఆ లేని గడిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

గడీలు కట్టిన చేతులు

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతపు పల్లెలలో దొరల గడీలు ఇప్పటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. కొన్ని కూలినవి. కొన్నిటిలో చెట్లు మొలిచినవి. అయినను ఆ గోడల మందము, ఆ టేకు దూలములు, ఆ చెక్కిన దర్వాజాలు చూచినవారు ఒక నిమిషము ఆగక తప్పదు. నేనును ఆగి చూచినాను. చూచినప్పుడెల్ల నాకు వచ్చు ఆలోచన ఒక్కటే. ఈ గోడలకు మట్టి తొక్కినది ఎవరు? ఈ రాళ్లు మోసినది ఎవరు? ఈ దూలములు భుజమునకెత్తినది ఎవరు?

మన తాతలు, ముత్తాతలే. నిజాము కాలపు వెట్టిచాకిరిలో పిలుపు వచ్చిన నాడు వాడలనుండి మనుష్యులు పోవలసినదే. సొంత పని ఉన్నను, ఇంట రోగి ఉన్నను పోవలసినదే. కూలి అడుగరాదు. సాయంత్రము వారు తిరిగి వచ్చినది ఎక్కడికి? తాటికమ్మలు కప్పిన గుడిసెకు. ఆ గుడిసె నిలిచిన నేలయైనను చాలమందికి తమది కాదు. ఊరంతటికి గోడలు లేపిన చేతులకు తమకంటూ ఒక గోడ లేకపోయినది.

ఇది మరీ పాత కథ అని అనుకొనవద్దు. వెట్టిని రద్దుచేయు చట్టము దేశమంతటికి వచ్చినది 1976లో. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాదిమంది రైతుకూలీలు ఊరేగింపు తీసినప్పుడు వెట్టి పోవలెనన్న కేక అందులో వినబడినది. అనగా దొర పిలుపునకు పోయినవారిని కన్నులార చూచినవారు నేటికిని మన సంఘములలో ఉన్నారు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి. ఈ వ్యాసములో దీనితో మరల పని పడును.

మెదకు గోపురము నేర్పిన పాఠము

మన ప్రాంతములో క్రైస్తవ సంఘము కట్టిన కట్టడములలో అందరికిని తెలిసినది మెదకు దేవాలయము. రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి కాలములో 1914లో పని మొదలై, పది సంవత్సరములు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. ఆ యేండ్లలో కరువుతో అలమటించిన జనమునకు పని చూపి, చేసిన పనికి ఆహారమిచ్చి బ్రతికించినారని మన పెద్దలు తరతరాలుగా చెప్పుకొనుచున్నారు. గడీ కట్టిన మనిషి ఆకలితో ఇల్లు చేరినాడు. గుడి కట్టిన మనిషి అన్నము తిని ఇల్లు చేరినాడు. ఆ భేదము చిన్నది కాదు.

తరువాత బడులు, హాస్టళ్లు, ఆసుపత్రులు, కుష్ఠురోగుల ఆశ్రమములు లేచినవి. మన స్త్రీలు అన్నపు కుండలో పోయబోవు బియ్యమునుండి పిడికెడు తీసి ప్రక్కన పెట్టి, ఆ పిడికెళ్లతో పల్లె గుడులు నిలిపినారు. ఇదంతయు మనకు గర్వకారణమే. అయితే ఒక్కటి మాత్రము మిగిలిపోయినది. గుడి కట్టిన కూలివాని ఇల్లు ఎవరు కట్టవలెను? పూర్వపు పెద్దలను తప్పు పట్టుటకు ఈ మాట అనుట లేదు. వారి కాలములో వారి ముందున్న ఆకలి, రోగము, నిరక్షరాస్యత వారికి చాలినంత పని. కాని ఆ ప్రశ్న అట్లే నిలిచినది.

ఒక పొలములో పుట్టిన ఆలోచన

పేదలకు ఇండ్లు కట్టుట సంఘము చేయదగిన పరిచర్యయేనని ఒక పద్ధతిగా చేసి చూపినవారి కథ చాల దూరములో, అమెరికాలోని జార్జియా రాష్ట్రములో మొదలగుచున్నది. క్లారెన్స్ జోర్డన్ అను ఆయన వ్యవసాయము చదివినవాడు, గ్రీకు భాషలో క్రొత్త నిబంధన పండితుడు. ఆయనయు మరికొందరును 1942లో అమెరికసు పట్టణము దగ్గర ఒక పొలము కొని దానికి కోయినోనియా అని పేరు పెట్టినారు. సహవాసము అని ఆ గ్రీకు మాటకు అర్థము. ఆ పొలములో తెల్లవారు నల్లవారు కలిసి పని చేసి, ఒకే బల్లయొద్ద భోజనము చేసినారు. ఆ రోజులలో ఆ దేశపు దక్షిణ ప్రాంతములో ఇది సహింపరాని నేరమైనది. 1950 తరువాతి సంవత్సరములలో చుట్టుపట్ల వ్యాపారులు వారికి సరుకు అమ్ముట, వారి సరుకు కొనుట మానివేసినారు. తుపాకి కాల్పులు జరిగినవి, బాంబులు పడినవి. ఒకే బల్లయొద్ద కూర్చుండుట అంటే ఏమో, దానికి వెల ఎంతో, మన వాడలవారికి వేరుగా వివరింపనక్కరలేదు.

ఆ పొలమునకు 1965లో మిల్లర్డ్ ఫుల్లర్, ఆయన భార్య లిండా వచ్చినారు. ఫుల్లర్ న్యాయవాది, వ్యాపారి. ముప్పది యేండ్లు నిండకముందే పది లక్షల డాలర్ల ఆస్తి గడించినవాడు. ఆ సంపాదన వెంట పరుగులో కాపురము చెడిపోవు స్థితికి వచ్చినది. అప్పుడు భార్యాభర్తలు మాట్లాడుకొని, సమాధానపడి, ఆస్తిని దానము చేసి క్రొత్త జీవితము ఆరంభింప నిశ్చయించినారు. 1968లో జోర్డను, ఫుల్లరు కలిసి ఆ పొలములో ఇంటి స్థలములు విడదీసి, చుట్టుపట్ల పాకలలో బ్రతుకు పేద కుటుంబములకు లాభము చూడక, వడ్డీ వేయక ఇండ్లు కట్టు ఏర్పాటు చేసినారు. జోర్డను 1969 అక్టోబరులో మరణించినారు. మొదటి ఇల్లు పూర్తియగుట ఆయన చూడలేదు.

1973లో ఫుల్లరు కుటుంబము ఆఫ్రికాలో అప్పటి జయీరు దేశమునందలి ఎంబండాకా పట్టణమునకు పోయి, మూడు సంవత్సరములు అదే పద్ధతిని అక్కడ నడిపినారు. అక్కడి స్థలము కథ మనము వినదగినది. పూర్వము తెల్లవారి పేటకును నల్లవారి పేటకును నడుమ ఒక ఖాళీ జాగా విడిచిపెట్టబడినది. దానికి ప్రజలు పెట్టుకొన్న పేరు బొకోటోలా. ఇతరులను లెక్కచేయనివాడు అని దాని అర్థము. సరిగ్గా ఆ జాగాలోనే ఇండ్లు లేచినవి. తరువాత ఆ పేరు తీసివేసి లొసాంగన్యా అని పెట్టినారు. అందరిని కలుపునది అని దాని భావము. మన పల్లెలలో ఊరికిని వాడకును మధ్య ఉండు ఆ ఖాళీ జాగాను ఎరిగినవారు ఈ కథను ఊరకే చదివి ముందుకు పోలేరు.

1976లో ఫుల్లరు తిరిగి అమెరికసు చేరి హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థను స్థాపించినారు.

1983, ఖమ్మము

ఆ సంస్థ భారతదేశములో మొదటి అడుగు పెట్టినది ఢిల్లీలో కాదు, బొంబాయిలో కాదు. 1983లో మన తెలంగాణలోని ఖమ్మములో. కరీంనగరునుండి వరంగల్లు మీదుగా ఒక్క పూట ప్రయాణము. అయినను ఈ సంగతి మనలో చాలమందికి తెలియదు. నేను వేదాంత కళాశాలలో చదువుకొను నాటివరకు నాకును తెలియదు.

ఆ పద్ధతి నాలుగు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, ఇల్లు దానముగా ఇవ్వరు. ఖర్చైనంత మట్టుకే లెక్కవేసి, లాభము లేకుండ, మిత్తి లేకుండ, ఆ కుటుంబమునకు అప్పుగా ఇత్తురు. నిర్గమకాండము 22వ అధ్యాయములో బీదవానికి అప్పిచ్చినప్పుడు వడ్డీ వ్యాపారివలె ఉండరాదన్న ఆజ్ఞను వారు మాటకు మాటగా తీసికొన్నారు. నూటికి రెండు, మూడు రూపాయల మిత్తిమీద బ్రతుకు మన పల్లెలకు ఇది ఎంత పెద్ద మాటయో మీకే తెలియును. రెండవది, ఆ కుటుంబము తన చెమటను వాటాగా పెట్టవలెను. పునాది త్రవ్వుటలో, ఇటుక మోయుటలో తమ ఇంటికేగాక తోటివారి ఇంటికిని పని చేయవలెను. మూడవది, బయటినుండి వచ్చువారు డబ్బు పంపి ఊరకుండక, చేతనైన పని చేయవలెను. నాలుగవది, నెలనెల తిరిగి వచ్చు సొమ్ము ఒక నిధిలో పడి మరియొకరి ఇంటికి పునాది కావలెను. అనగా ఇల్లు పొందినవాడు తీసికొనువాడుగానే మిగిలిపోడు. ఇచ్చువాడగును.

1983 అను సంవత్సరము మన రాష్ట్రములో వేరొక విధముగ కూడ జ్ఞాపకముంచుకొనదగినది. అప్పటికి నాలుగేండ్ల క్రితము, 1979లో, ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ యేర్పడియున్నది. 1983లో వచ్చిన నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము పేదలకు పక్కా ఇండ్లను పెద్ద కార్యక్రమముగా చేపట్టినది. ప్రభుత్వము లెక్కకు ఖమ్మములోని ఆ కొద్ది ఇండ్లు సముద్రములో నీటిచుక్క. కాని ప్రభుత్వపు ఇల్లు లబ్ధిదారుని చేతికి వచ్చును. ఆ పద్ధతిలోని ఇల్లు పొరుగువాని చేతిమీదుగా వచ్చును. రెండును కావలసినవే. ఒకటి రెండవదానికి బదులు కాదు.

చేయి వేసిన మరికొందరు

ఇంటి పనికి చేయి వేయుట ఒక్క సంస్థ సొత్తు కాదు. 1934 జనవరిలో బీహారులో భూకంపము వచ్చినప్పుడు స్విట్జర్లాండు ఇంజనీరు పియెర్ సెరెసోల్ కొద్దిమంది సహచరులతో వచ్చి, కూలిన పల్లెలను మరల నిలుపుటలో 1937 వరకు పాలు పంచుకొన్నారు. మన రాష్ట్రములో 1969 తుఫాను తరువాత బెల్జియం దేశస్థుడైన జెస్యూట్ గురువు మైకేల్ విండీ గుంటూరు ప్రాంతములో గ్రామ పునర్నిర్మాణమునకు పూనుకొన్నారు. ఒక్కొక్క ఇల్లు కాదు, పల్లెనంతటిని కలిపి మరల కట్టవలెనన్నది ఆయన పద్ధతి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి పదివేలకు పైగా ప్రాణములు తీసినప్పుడు, మతభేదము లేకుండ ఎన్నో సేవాసంఘములు అక్కడ ఇండ్లు కట్టినవి.

అమెరికా అధ్యక్షపదవినుండి 1981లో దిగిన జిమ్మీ కార్టరుగారి స్వగ్రామము ప్లెయిన్సు, అమెరికసుకు దగ్గరిదే. ఆయనయు భార్య రోజలిన్‌గారును 1984నుండి సుత్తె పట్టి ఈ పనికి దిగినారు. 2006లో ఆయన ఎనుబది రెండేండ్ల వయస్సులో మహారాష్ట్రలోని లోనావాలా దగ్గర మాలవలి గ్రామమునకు వచ్చి, ఒక్క వారములో నూరు ఇండ్లు లేపు పనిలో కూలివానివలె పని చేసినారు. నేను అప్పుడు వేదాంత విద్యార్థిని. పత్రికలో ఆ వార్త చదివి, మెస్సులో స్నేహితులకు చూపి, చాల బాగున్నదని మెచ్చుకొన్నాను. మెచ్చుకొనుటతో నా పని అయిపోయినదనుకొన్నాను. మెదకు దేవాలయము ప్రతిష్ఠ జరిగిన 1924లోనే పుట్టిన ఆ పెద్దమనిషి, ఆ దేవాలయమునకు నూరేండ్లు నిండిన నాలుగు దినములకు, 2024 డిసెంబరు 29న కన్ను మూసినారు. ఫుల్లరుగారు అంతకుముందే 2009లో పోయినారు. 2005 నాటికి వారు మొదలుపెట్టిన పనిలో లోకమంతట రెండు లక్షల ఇండ్లు లేచినవి.

మా పాస్టరేటులో జరిగినది

ఇక నా సొంత సంగతి చెప్పవలెను. చెప్పుటకు కొంచెము సిగ్గుగానే ఉన్నది.

నేను పాస్టరుగా మొదట నియమింపబడిన పాస్టరేటు గోదావరికి దగ్గరిది. అక్కడి ఒక పల్లె సంఘములో బీడీలు చుట్టి ఇద్దరు బిడ్డలను సాకుకొను ఒక విధవరాలు ఉండెను. ఒక వానకాలము ముసురు పట్టి, ఆమె ఇంటి మట్టిగోడ రాత్రివేళ బయటివైపుకు కూలినది. లోపలివైపుకు కూలియుంటే ముగ్గురికిని సమాధి కూటము జరిపియుండెడివాడను. మేము వెంటనే కమిటీ కూర్చుండి, ప్రత్యేక కానుక పట్టి, నలుబది వేల రూపాయలు ఆమె చేతికి ఇచ్చి, ప్రార్థన చేసి, ఫోటో తీయించుకొని వచ్చినాము.

ఆ డబ్బుతో పునాది అయినది, గోడలు కిటికీల ఎత్తు వరకు లేచినవి. అక్కడ ఆగిపోయినవి. రెండేండ్లు అట్లే నిలిచినవి. ఆమె తన బిడ్డలతో ఆ మొండిగోడల నడుమ పరదా కట్టుకొని ఉండెను. ప్రతి ఆదివారము మేమందరము ఆ ఇంటి ముందునుండియే గుడికి నడచి పోవుచుంటిమి.

ఒక దినమున మా సంఘములోనే ఉన్న ఒక మేస్త్రి నాతో అన్నాడు: "అయ్యగారూ, మీరు పైసలిచ్చిండ్రు, ప్రార్థన చేసిండ్రు, పోయిండ్రు. గోడ ఎవలు లేపాలె? ఆమె ఒక్కతి లేపుతదా? ఈడ పైసలు తక్కువ లేవు, చేతులు తక్కువున్నయి."

ఆ మాట నా గుండెలో గ్రుచ్చుకొన్నది. మరుసటి ఆదివారము ప్రసంగము మానివేసి ఈ సంగతియే చెప్పి, శనివారము పనికి రమ్మని సంఘమును అడిగినాను. యౌవనస్థులు చేతులెత్తినారు. స్త్రీల మైత్రివారు వంట తమదన్నారు. అప్పుడు వెనుక వరుసనుండి ఒక వృద్ధుడు లేచినాడు. సంఘ పెద్ద, నేను తండ్రివలె గౌరవించు మనిషి. "మా నాయిన దొర గడీకి వెట్టికి పోయిండు. నేను చిన్నపోరన్ని, ఆయన ఎన్క సద్ది పట్టుకపోయిన. మల్ల ఇప్పుడు నన్ను పుణ్యానికి మట్టి మొయ్యమంటరా అయ్యగారూ?" అని అడిగి కూర్చున్నాడు.

గుడిలో నిశ్శబ్దమైనది. నేను చదివిన వేదాంత శాస్త్రములో ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. దీవెన చెప్పి కూటము ముగించినాను.

ఆ రాత్రి నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము చదివినాను. యెరూషలేము గోడ కట్టినవారి పట్టిక అది. మామూలుగా మనము పేర్లు పలుకలేక దాటివేయు అధ్యాయము. అందులో యాజకులు ఉన్నారు, కంసాలులు ఉన్నారు, పరిమళద్రవ్యములు చేయువాడు ఉన్నాడు, ఒకాయన తన కుమార్తెలతో వచ్చినాడు. ఎవరి ఇంటి ఎదుట వారు కట్టినారు. ఒక్క తెకోవ ఊరి ఘనులు మాత్రము పనికి మెడ వంచలేదని అందులో వ్రాయబడియున్నది. నాకు అప్పుడు తెలిసినది. వెట్టిలో పేదవాడు మోయును, దొర చూచును. పేదవానికి రాను అనుటకు హక్కు లేదు. మరి సంఘములో అయ్యగారు చూచుచు, కూలివాడు మోసిన యెడల దానికి ఏ పేరు పెట్టవలెను? ఆ వృద్ధుని ప్రశ్న న్యాయమైనది. దానికి నోటితో చెప్పు జవాబు లేదు.

శనివారము ఉదయము నేనును నా భార్యయు అందరికంటె ముందు పోయి ఇసుక మోయుట మొదలుపెట్టినాము. బడిపంతులు వచ్చినాడు, సింగరేణి ఉద్యోగి వచ్చినాడు, ఊరిలోని ఇతర మతస్థులు ఇద్దరు తమంతట తాము వచ్చినారు. మేస్త్రికి మాత్రము కూలి ఇచ్చినాము. అతని బ్రతుకు అది, దానిని ఉచితసేవ పేరున తీసికొనుట అన్యాయము. మూడవ శనివారమునకు నా అరచేతులు బొబ్బలెక్కినవి. నేను పేర్చిన ఇటుకల వరుసకు మేస్త్రి గుండు వేసి చూచి, ఏమియు అనక, విప్పించి మరల కట్టించినాడు. ఆమోసు ప్రవక్త మట్టపు గుండును గూర్చి నేను రెండు మారులు ప్రసంగించియున్నాను. దాని ముందు నిలువబడుట అదే మొదటిసారి.

రేకులు ఎక్కించు దినమున ఆ వృద్ధుడు గడ్డపార భుజాన వేసికొని వచ్చినాడు. నేను లేచి ఎదురుపోయినాను. ఆయన నా మొగము చూడక, "నన్ను ఎవలు పిలువలె. నేనే వచ్చిన" అన్నాడు. అంతే. సాయంత్రము వరకు పని చేసినాడు. వెట్టికిని సేవకును భేదమేమో ఆ ఒక్క మాటలో ఉన్నది. దానికంటె బాగుగ నేను ఏ ప్రసంగములోను చెప్పలేకపోయినాను.

ఇల్లు పూర్తియైన తరువాత ఆ సహోదరి, "నాకు పుణ్యానికొద్దు అయ్యగారూ. నెలకు రెండు వందలు కడత. నా అసుంటిది ఇంకొకతి ఉంటది" అన్నది. ఖమ్మము పేరు ఆమె వినలేదు, అమెరికసు పేరు వినలేదు. ఆమె కట్టిన రూపాయలతోనే మా చిన్న నిధి మొదలైనది.

మేము చేసిన తప్పు

అంతయు సాఫీగా జరిగినదని చెప్పిన యెడల అది అబద్ధమగును. మూడవ ఇంటివారు ఏడు నెలలు కట్టి మానివేసినారు. కుమారుడు దుబాయికి పోయి, అక్కడ పని దొరకక అప్పుతో తిరిగి వచ్చినాడు. ఆ సంగతి విచారింపకనే నేను బాకీదారుల పట్టికలో వారి పేరు వ్రాయించి గుడి గోడకు అంటించినాను. మరుసటి ఆదివారమునుండి ఆ కుటుంబము గుడికి రాలేదు. మిత్తి లేని అప్పు ఇచ్చినవాడను, మిత్తి వ్యాపారికంటె కఠినముగా వసూలు చేయబోయినాను. దాదాపు ఏడాది తరువాత వారి ఇంటికి పోయి, కుటుంబమంతటి ఎదుట క్షమాపణ వేడుకొన్నాను. వారు కట్టిన ఇంటిలోనే, వారు పోసిన చాయ త్రాగి వచ్చినాను. ఇప్పుడు నెలకు యాబది రూపాయలు కట్టుచున్నారు. గుడికిని వచ్చుచున్నారు. ఇల్లు కట్టుట కష్టము. కట్టిన తరువాత సహవాసము కూలకుండ కాపాడుట అంతకంటె కష్టము.

మరియొక పాఠము కూడ నేర్చుకొన్నాము. స్థలము ఎవరి పేర ఉన్నదో కాగితము చూడకుండ పునాదికి కొబ్బరికాయంత రాయి కూడ వేయరాదు. పట్టా స్త్రీ పేరనే ఉండుట మేలు.

ఇప్పుడు మన ముందున్న పని

మన పాత రెండు జిల్లాలు 2016లో అనేక జిల్లాలుగా విడిపోయినవి గాని, వాన మాత్రము జిల్లా చూచి కురియదు. 2022 జులైలో గోదావరి పొంగి మంచిర్యాల, మంథని ప్రాంతములలో నీరు ఇండ్లలోనికి వచ్చినప్పుడు తడిసిన మట్టిగోడలను మనము చూచినాము.

ప్రభుత్వము ఊరకుండలేదు. 2024 మార్చి 11న భద్రాచలములో ఇందిరమ్మ ఇండ్ల పథకము ప్రారంభమైనది. స్థలమున్న పేద కుటుంబమునకు ఐదు లక్షల రూపాయలు, పని నడచినకొలది విడతలుగా వచ్చును. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మొదటి విడత రావలెనంటే పునాది మట్టము పని ముందు పూర్తికావలెను. ఆ పునాదికి చేతిలో డబ్బు లేని కుటుంబము మంజూరు కాగితము పట్టుకొని కూర్చుండును, లేదా మిత్తి వ్యాపారి గడప త్రొక్కును. సరిగ్గా అక్కడనే సంఘము చేయి కావలెను. పునాది త్రవ్వుటకు ఇంజనీరు చదువు అక్కరలేదు. ఇరువదిమంది రెండు శనివారములు వచ్చిన చాలును. మన రైతులు నాట్లకు, కోతలకు ఒకరికొకరు బదులు పోవుట ఎరుగుదురు. ఈ పని దానికి తోబుట్టువే.

కనుక మన పాస్టరేట్ల ముందు మూడు చిన్న సంగతులు ఉంచుచున్నాను. ఏడాదికి ఒక్క ఇల్లు, అది సంఘ సభ్యునిదైనను కాకపోయినను, అవసరము చూచి ఎన్నుకొందము. పాస్టరు, కమిటీ సభ్యులు, ఉద్యోగస్థులు మొదట తట్ట ఎత్తుదురు గాక. ఎవరును బలవంతముచేత రాకూడదు, రానివారిని గూర్చి ఒక్క మాటయు అనరాదు. ఇక మూడవది, మన రిజిష్టరులో క్రొత్త గడి ఒకటి గీయుదము. ఈ కుటుంబము వానలో తడియకుండ నిద్రించుచున్నదా, లేదా? అంతే వ్రాయవలెను.

రాబోవు నూరేండ్లకు మన పిల్లల పిల్లలు ఆ రిజిష్టరు తెరచినప్పుడు, ఆ గడిలో లేదు అన్న మాట ఒక్కొక్కటిగా కొట్టివేయబడియుండుట చూతురు గాక. తల వాల్చుటకు తనకు స్థలము లేదని చెప్పిన ప్రభువు, మన చేతుల పనిని స్థిరపరచును గాక. ఆమెన్.